కింద పట్టేవాడు

ఇల్లు మారేవాళ్ల సామాన్లు సర్దిపెట్టడం నా పని కాబట్టి చెబుతున్నాను. పైకి ఎంత తళతళలాడే ఇల్లయినా సరే, బీరువా జరిపితే బయటపడేది ఒకటే. వెంట్రుకల ఉండలు, వెల్లకిలా చచ్చిన బొద్దింకలు, ఎప్పుడో దొర్లిపోయిన మాత్రలు, ఆ ఇంట్లో ఎవరూ తమదని ఒప్పుకోని జిడ్డు. "అయ్యో, ఇది ముందు అద్దెకున్నవాళ్లదండీ" అంటారు, పదేళ్లుగా అక్కడే కాపురం ఉన్నవాళ్లు కూడా. పదిహేనేళ్లుగా ఊరివాళ్ల మురికి చూసి ముక్కు మూసుకున్నదాన్ని. మా ఇంటి మురికి మాత్రం ఆ ఎండాకాలం దాకా నా కంటపడలేదు.

మాది సామాన్లు మోసే కుటుంబం. నాన్న, అన్నయ్య, తమ్ముడు మోస్తారు. మా ఆయన వ్యాను నడుపుతాడు. నేను గాజు సామాను కాగితాల్లో చుట్టి పెట్టెల్లో పేరుస్తాను. అమ్మ ఫోన్లెత్తి ఏ రోజు ఎవరిల్లో గోడ మీది క్యాలెండర్లో రాస్తుంది. బడులకు సెలవులిచ్చిన నాటి నుంచి మళ్లీ తెరిచే నాటి దాకా జనం ఇళ్లు మారతారు. ఆ రెండు నెలలే మాకు సీజన్. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాకూడదు.

మెట్ల మీద బరువెక్కించడంలో ఒక సంగతుంది. పై కొస పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తూ దారి చూసుకుంటే చాలు. బరువంతా దిగేది కింద పట్టేవాడి మీద. మిగతా ముఠాల్లో అంతస్తుకొకసారి చోట్లు మార్చుకుంటారు. మా ఇంట్లో ఆ మార్పుల్లేవు. ఇంటి పెద్ద పైన, పెద్ద కొడుకు కింద. "ఇది మన తాతల నాటి పద్ధతి" అనేవాడు నాన్న. ఆయన పైనుంచి "ఒకటి, రెండు, మూడు, మలుపు" అని మెట్లు లెక్కపెడుతుంటే కింద నుంచి అన్నయ్య "ఊఁ" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు. అందరూ ముద్దుగా ఎద్దు అని పిలిచేవాళ్లు. పెళ్లి మాటెత్తితే "బీరువాలతో చేస్తున్న కాపురం చాల్లే" అనేవాడు.

ఆ ఏడు సీజన్ మొదట్లోనే వాడు ప్రతి మలుపు దగ్గరా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి మెల్లగా "కళ్లు తిరుగుతున్నాయే" అన్నాడు. నేను కప్పు చుడుతూ తలెత్తకుండానే "సీజన్ వస్తే చాలు, నీకు కళ్లు తిరుగుతాయి. భోజనం వేళకి మాత్రం సరిగ్గా నిలబడతాయి" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. మిగతావాళ్ల మీద ఉమ్మేముందు ఆ ఉమ్మి కాస్త నా మీద కూడా పడాలి కాబట్టి ఈ మాట దాచకుండా చెబుతున్నాను.

అది జరిగిన నాలుగో రోజున, ఎవరిదో మూడంతస్తుల ఇంట్లో, ఇనప బీరువా కింద ఉండగా వాడు పోయాడు. నాన్న "మలుపు" అన్నాడు. కింద నుంచి "ఊఁ" రాలేదు. బీరువా పక్కకి ఒరిగి గోడకి ఆనుకుంది. అన్నయ్య దాని కిందపడి నలగలేదు, దెబ్బ కూడా తగల్లేదు. మెట్టు మీద కూర్చుని, అలసిపోయి తల వాల్చినట్టు ఉన్నాడు. తమ్ముడు వాణ్ణి కుదుపుతూ అరుస్తున్నాడు. పై నుంచి ఇంటావిడ తొంగిచూసి "బీరువాకేమన్నా గీత పడిందా?" అని అడిగింది.

ఆవిడ్ని అప్పుడు తిట్టుకున్నాను. సీజన్ అయ్యేసరికి ఆవిడే నయమనిపించింది.

నెల తర్వాత, శవపరీక్ష చేసిన పెద్దాసుపత్రి నుంచి మా అందరికీ పిలుపొచ్చింది. గుండె డాక్టరమ్మ సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. బల్ల మీద ప్లాస్టిక్ గుండె ఒకటి విప్పి చూపించింది.

"ఈ కండరం గోడ మామూలుగా సెంటీమీటరు మందం ఉంటుందండీ. మీ అబ్బాయిది దాదాపు మూడు. బరువులు మోసేవాళ్లకి గుండె కాస్త గట్టిపడుతుంది, కానీ ఇది అలా వచ్చింది కాదు. పుట్టుకతో జన్యువులోనే తేడా ఉంది. ఆ తేడా ఏదో అతని రక్తంలో దొరికింది."

"అంటే అంటుకునేదా అమ్మా?" అని అడిగింది అమ్మ.

"అంటుకోదు. వారసత్వంగా వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. ఉన్నవాళ్లందరికీ ముదరదు. కొందరు ఎనభై ఏళ్లు బతికి ఇంకో జబ్బుతో పోతారు. కొందరికి మాత్రం కష్టమైన పని చేస్తున్నప్పుడు గుండె లయ తప్పుతుంది. ముందే తెలిస్తే మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి. తెలియకపోవడమే ప్రమాదం."

ఆవిడ కాగితం మీద మగవాళ్లకి చతురస్రాలు, ఆడవాళ్లకి సున్నాలు గీసి మా కుటుంబాన్నంతా నిలబెట్టింది. అన్నయ్య చతురస్రాన్ని నల్లగా నింపి, నాన్న వైపు తిరిగింది.

"మీ వైపు చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"మీ నాన్నగారు?"

"మెట్ల మీద కాలు జారి పడ్డాడు. అది ప్రమాదం."

"ఎన్నేళ్లకి?"

"నలభై నాలుగు."

ఆవిడ తాత చతురస్రంలో ప్రశ్న గుర్తు పెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే నాన్న "మావైపు అందరివీ ఇనప గుండెలు డాక్టరుగారూ" అన్నాడు. నేను పట్టించుకోలేదు. కొడుకు పోయిన మనిషి, ఏదో అంటున్నాడనుకున్నాను.

అమ్మా నేనూ రక్తమిచ్చాం. నాన్న సూదంటే పడదన్నాడు. తమ్ముడు "సీజన్ అయిపోనీండి" అన్నాడు. వాడికి ఇరవై ఆరేళ్లు. అన్నయ్య పోయిన పన్నెండో రోజు నుంచే నాన్న వాణ్ణి కింద పెట్టాడు.

పరామర్శకని వచ్చిన మేనత్త సీజనంతా మా ఇంట్లోనే తిష్ట వేసింది. నాన్నకి అక్క. ఒంట్లో ఎముక ఎంతుందో నోట్లో నాలుక అంతుంటుంది. ఆసుపత్రి సంగతి వినగానే తీర్పు చెప్పేసింది.

"తల్లి నుంచో తండ్రి నుంచో అన్నారా? ఇంకేం, తల్లి నుంచే. మీ అమ్మ పుట్టింటివాళ్లవన్నీ పిట్ట ప్రాణాలు. మీ అమ్మమ్మ మూడు రోజుల జ్వరానికే టపీమని పోయింది. ఆ పాడు రక్తమే నా మేనల్లుణ్ణి మింగింది."

అమ్మ పళ్లేలు కడుగుతూ వింది. నాన్న అక్కడే కూర్చుని భోజనం చేస్తున్నాడు. ఆయనా వింటున్నాడు. విని, "ఇంకాస్త పెట్టు" అన్నాడు. తన పెళ్లామే కొడుకుని చంపిందంటుంటే రెండోసారి వడ్డించుకుని తినగలిగిన మనిషిని అప్పుడే మొదటిసారి చూశాను. అయినా ఊరుకున్నాను. మా ఇంట్లో అందరికీ బాగా వచ్చిన పని అదే.

తమ్ముణ్ణి వ్యానులో పట్టుకున్నాను.

"ఒక్క గంట పనిరా. ఛాతీ మీద జిగురు రాసి ఒక యంత్రం తిప్పుతారు. నొప్పి కూడా ఉండదు."

"తేలితే?"

"తేలితే మోయవు."

"మోయకపోతే నేనేంటక్కా? చదువా, సంధ్యా? నీలాగా కప్పులు చుట్టమంటావా?"

"బతికుండి చుట్టు."

"నాన్నని చూడు. అరవై దగ్గరపడుతున్నా ఇంకా మెట్లెక్కుతున్నాడు. నేనాయన కొడుకుని. నాకేం కాదులే."

అలా అంటూనే అరచేత్తో ఛాతీ రుద్దుకున్నాడు. వాడికి తెలియకుండానే చేస్తున్నాడా పని. ఆ రోజు నుంచి వాడు మెట్లెక్కుతున్నంతసేపూ నా చేతిలో కప్పులు కప్పుల్లా లేవు. రెండు పగలగొట్టాను కూడా.

సీజన్ ఏడో వారంలో రక్తం ఫలితాలొచ్చాయి. పొద్దున్నే నేనొక్కదాన్నే వెళ్లాను. డాక్టరమ్మ రెండు కాగితాలు ముందు పెట్టింది.

"మీ అమ్మగారికి ఆ తేడా లేదు. మీకు ఉంది. ప్రస్తుతానికి మీ గుండె గోడ మామూలుగానే ఉంది, ఏటా వచ్చి చూపించుకుంటే సరిపోతుంది. మీ పాపకి పదేళ్లన్నారు కదా, తననీ తీసుకురండి. అప్పటిదాకా మీ ఇద్దరికీ పరుగులు అవీ వద్దు."

"అమ్మకి లేదంటే..."

"మీ నాన్నగారి నుంచి వచ్చిందన్నమాట. మీ తమ్ముణ్ణి ఈ రోజే తీసుకురాగలరా?"

ఆసుపత్రి నుంచి నేరుగా పని జరుగుతున్న చోటికి వెళ్లాను. అన్నయ్య లేని లోటు పూడ్చడానికి నాన్న ఇద్దరు కొత్తవాళ్లని పెట్టుకున్నాడు, కట్లు కట్టడానికి తాడు తాతని పిలిపించాడు. తాడు తాత మా తాతతో పనిచేసిన మనిషి. డెబ్బై అయిదేళ్లు దాటాయి. ఇప్పుడు మోయడు గానీ ఆయన వేసిన ముడి దేవుడు కూడా విప్పలేడు. వ్యాను వెనక చెక్క మీద కాళ్లాడిస్తూ కూర్చుని ఉన్నాడు. తమ్ముడు ఎక్కడని అడగబోయి, ఇంకోటి అడిగాను.

"తాతా, మా తాత ఎలా పోయాడు?"

"మెట్ల మీదే."

"కాలు జారా?"

"కాలెందుకు జారుద్దే? పిల్లిలా నడిచేవాడు. రొమ్ము పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత దొర్లాడు. కింద పట్టేవాడు కదా మరి."

"కింద ఎందుకుంటాడు? ఇంటి పెద్ద పైనే కదా ఉండేది?"

తాడు తాత పళ్లులేని నోరు తెరిచి నవ్వాడు. "ఎవడు చెప్పాడే నీకు? బరువు పెద్దోడిది. పెద్దోడే కింద పట్టాలి. మీ నాన్నా కిందే పట్టేవాడు. ఒకసారి కళ్లు తిరిగి పడిపోతే నేనే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయా. గుండె మందంగా ఉంది, ఇక బరువుల కింద ఉండొద్దన్నాడు. అప్పుడెక్కాడు మీ నాన్న పైకి. మీ అన్న నాలుగేళ్ల పిల్లాడప్పుడు. వాడు ఎదిగొచ్చేదాకా కింద నేనే పట్టా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం తాతా?"

"చెప్పడానికేముందే? మీ ఇంటి సంగతి మీకు తెలీదా అనుకున్నా."

తాతల నాటి పద్ధతి. ఇరవై ఏడేళ్ల కిందట, తన ప్రాణం కాపాడుకోవడానికి ఆయన అల్లిన పద్ధతి. కొడుకు ఎదిగేదాకా ఆగి, ఎదిగాక తన చోట వాణ్ణి నిలబెట్టి, పైనుంచి మెట్లు లెక్కపెట్టాడు.

పరుగెత్తకూడదని పొద్దునే చెప్పారు. అయినా పరుగెత్తుకుంటూనే మెట్లెక్కాను. రెండో అంతస్తు మలుపుకి మూడు మెట్ల కింద ఉన్నారు వాళ్లు. పెద్ద చెక్క అల్మారా. పైన నాన్న మొహం, కింద తమ్ముడి వీపు. చొక్కా తడిసి అతుక్కుపోయింది. మెడ మీద నరం తాడులా లేచి ఉంది.

"పది, పదకొండు" అంటున్నాడు నాన్న.

"దించరా" అన్నాను.

"మెట్ల మధ్యలో దించడమేంటే? అడ్డు లే."

"మలుపు దగ్గర దించరా. ఇంక ఎక్కించకు. నాన్నకి గుండె మందమని ఇరవై ఏడేళ్ల కిందే చెప్పారు. అందుకే తను పైన పట్టాడు. అందుకే అన్నయ్యని కింద పెట్టాడు. ఇప్పుడు నిన్ను పెట్టాడు."

తమ్ముడు ఆ మూడు మెట్లూ ఎక్కి, మలుపులో తన కొస నేలకి ఆనించాడు. నాన్న మాత్రం చేతులు వదల్లేదు. అబద్ధమని కూడా అనలేదు. అంటే బాగుండేదేమో.

"నేను పోయుంటే మిమ్మల్ని ఎవరు సాకేవాళ్లు?" అన్నాడు.

"పైకెక్కినందుకు కాదు నాన్నా. అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. అంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"చెబితే మోసేవాడా?" అన్నాడు.

తమ్ముడు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా పక్కనుంచి దిగి వెళ్లిపోయాడు. తొందరపడలేదు, వెనక్కి చూడలేదు. నేనూ వాడి వెనకే కింద వ్యాను దాకా దిగాను. పై అంతస్తు నుంచి ఇంటాయన గొంతు వినిపించింది, ఏమైందయ్యా, ఆపేశారేం అని. నాన్న "ఎవరైనా కింద పట్టండ్రా" అని అరిచాడు. అక్కడున్న కొత్తవాళ్లిద్దరూ తాడు తాత వైపు చూశారు. తాత తల అడ్డంగా ఊపాడు. పైనుంచి నాన్న ఇంకోసారి అరిచాడు.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మ ముందు నిలబడ్డాను.

"నీకు తెలుసా?"

అమ్మ చేతిలో పళ్లెం తుడుస్తూనే ఉంది. "రోజూ పొద్దున మాత్ర నా చేత్తోనే ఇస్తున్నాను కదే. మొదట్లో బీపీ అన్నాడు. ఒకసారి మందుల షాపులో అడిగితే గుండెకి అన్నారు. ఆయన్ని మళ్లీ అడగలేదు."

"అత్త నిన్ను అన్నన్ని మాటలంటుంటే కూడానా?"

"అననీ అనుకున్నా. కాగితం వస్తుంది కదా, అదే చెబుతుందిలే అని."

"కాగితం వచ్చేలోపు తమ్ముడు పోయుంటే?"

అమ్మ ఆ పళ్లేన్ని మిగతావాటి మీద పెట్టి ఇంకోటి తీసుకుంది. అదీ తుడిచింది. వారం రోజులు పాడు రక్తమంటూ ఊదరగొట్టిన మేనత్త గుమ్మంలోకి వచ్చి "అయినా ఇంటి మగాడి జబ్బు ఊరంతా డప్పు కొట్టుకుంటారా ఎవరైనా?" అంది. అంటే ఆవిడకీ తెలుసు. తిలాపాపం తలా పిడికెడు. ఆ ఇంట్లో అందరి చేతులూ నాకు జిడ్డుగా కనిపించాయి. రెండు రోజులు అమ్మ చేతి ముద్ద గొంతు దిగలేదు. నా పిడికెడు కూడా అందులోదే కాబట్టి నా చేత్తో నేను వండుకున్నా దిగలేదు.

తమ్ముడి గుండె గోడ రెండున్నర సెంటీమీటర్లు తేలింది. ఇంకో నెల మోసుంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. భుజం ఎముక కింద అగ్గిపెట్టెంత యంత్రం పెట్టారు. లయ తప్పితే అదే సరిచేస్తుందట. ఇప్పుడు వాడు అమ్మ పక్కన కూర్చుని ఫోన్లెత్తుతున్నాడు. "లిఫ్టు లేదా? అయితే వేరేవాళ్లని చూసుకోండి" అని పెట్టేస్తున్నాడు. నాన్నతో మాట్లాడడం లేదు. నాన్న ఎవరితోనూ మాట్లాడడం లేదు. కొత్తవాళ్లని పనికి పంపి, రోజంతా ముందు గదిలో కుర్చీలో కూర్చుంటున్నాడు. మేనత్త తన సంచి తను సర్దుకుని వెళ్లిపోయింది.

నా కాగితం మాత్రం ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున సంచిలో పెట్టింది పెట్టినట్టే ఉంది. పాపని తీసుకెళ్లలేదు. మొదట తమ్ముడి ఆపరేషన్ అన్నాను. తర్వాత సీజన్ అయిపోనీ అనుకున్నాను. మా ఆయన రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కసురుకున్నాను. పాప బళ్లో పరుగుపందేల్లో ఎప్పుడూ మొదటే. సెలవులు పొడుగునా వీధి ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తూ, ఆయాసపడుతోందా అని లెక్కపెట్టుకుంటూ ఉండిపోయాను.

బడి తెరిచిన మూడో రోజున ఒక ఫారం తెచ్చింది. పెద్ద పందేలకి ఎంపికైందట. తల్లిదండ్రుల సంతకం కావాలట. పేరు, వయసు, రక్తం గ్రూపు. ఆరో ప్రశ్న, కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు గానీ చిన్న వయసులో హఠాన్మరణం గానీ ఉన్నదా.

ముందు గదిలో బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. పాప నా మోచెయ్యి పట్టుకుని గెంతుతోంది. ఉంది అని రాస్తే ఆ గెంతులు అక్కడితో ఆగిపోతాయి. ఒక్క పందెమే కదా. రేపే తీసుకెళ్లి చూపిద్దాం. దానికి లేకపోవచ్చు కూడా, సగానికి సగం కదా. ఇలా అనుకుంటూనే ఉన్నాను, నా చెయ్యి "లేదు" అని రాసేసింది. అందమైన అక్షరాలు పడ్డాయి.

తలెత్తితే నాన్న చూస్తున్నాడు. కుర్చీలోంచి ముందుకి వంగి ఫారం చదివినట్టున్నాడు. రెండు వారాలుగా రాయిలా ఉన్న మొహంలో ఏదో కదిలింది. నా వైపు చూసి మెల్లగా తలాడించాడు. మంచి పని చేశావని కాదు. ఇప్పుడు తెలిసిందా అని. తన జట్టు మనిషిని గుర్తుపట్టినట్టు, దాదాపు ఆప్యాయంగా.

చిన్నప్పటి నుంచి ఆయన మెచ్చుకోలు కోసం ఎన్ని చేశానో. అదిప్పుడు దొరికింది. పేడలో కాలేసి, దాంతోనే మంచమెక్కి పడుకున్నంత రోత పుట్టింది నా మీద నాకు.

"లేదు" కొట్టేశాను. పక్కన ఖాళీ తక్కువగా ఉంది, ఇరికించి రాశాను. ఉంది. మా తాతకి. మా నాన్నకి. మా అన్నయ్యకి. మా తమ్ముడికి. నాకు.

నాన్న కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. పాప గెంతడం ఆపి, ఫారం మీదికి వంగి నేను రాసినవన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివింది. చివరిది చదివాక, ఇంకా ఏమైనా రాస్తానేమోనని నా పెన్ను వైపు చూసింది.

"మరి నాకమ్మా?" అంది.